కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడుతున్నారు... ఉద్యోగం మాన్పించనా?

ప్రశ్న: మావారు రసాయనాల ఫ్యాక్టరీలో ప్లాంట్ ఆపరేటర్. పదకొండేళ్ల సర్వీసు. మూడు నెలల క్రితం వాళ్ల షిఫ్ట్‌లో సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే రసాయన ద్రవం) ఆవిరి అంటుకుని, పక్కనే పనిచేస్తున్న స్నేహితుడు కాలిపోయారు. ఆయన్ని మావారే బయటికి లాక్కొచ్చారు. నాలుగో రోజు ఆసుపత్రిలో పోయారు. వారం తిరక్కుండానే మావారు మళ్లీ డ్యూటీలో చేరారు. అప్పటినుంచీ నిద్ర లేదు. కుక్కర్ విజిల్ వేస్తే ఒక్క ఉదుటున లేచి నిలబడతారు. మా ఎనిమిదేళ్ల బాబు గట్టిగా నవ్వినా కసురుతున్నారు. ఎప్పుడో ఒకసారి తాగే మనిషి ఇప్పుడు తాగితేగానీ పడుకోవడం లేదు. తలనొప్పి, మతిమరుపు మాత్రం ప్రమాదానికి ముందు నుంచే ఉన్నాయి. ఒక రాత్రి ‘గ్యాస్ అలారం బైపాస్ చేసి ఉంది, మాకందరికీ తెలుసు’ అంటూ ఏడ్చారు. తెల్లారి అడిగితే ఏం లేదన్నారు. ‘ఇంత పిరికివాడివైతే ఎలా పనిచేస్తావ్’ అన్నాడట సూపర్‌వైజర్. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ‘పిచ్చోడని ముద్ర వేసి ఇంటికి పంపిస్తారు’ అంటున్నారు. ఇంటి లోన్ ఉంది. ఉద్యోగం మాన్పించాలా? ఆయన మళ్లీ మామూలు మనిషి అవుతారా?

జవాబు: అమ్మా, మీవారికి పిచ్చీ లేదు, పిరికితనమూ లేదు. మంటల్లోంచి మనిషిని లాక్కొచ్చినవాణ్ని పిరికివాడన్న ఆ సూపర్‌వైజర్ మాట మీ ఇంటి గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.

ఇలాంటి ఘోరం కళ్లారా చూశాక మొదట్లో నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, అదే దృశ్యం పదేపదే గుర్తుకు రావడం ఎవరికైనా ఉంటాయి. చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే సద్దుమణుగుతాయి. నెల దాటినా తగ్గకుండా, ఇటు ఇంట్లోనూ అటు పనిలోనూ నిలవనీయకపోతే పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసుకు పట్టుకునే జబ్బు) ఏమోనని చూడాలి. మీవారికి మూడు నెలలు దాటాయి. కాబట్టి ఇక ఆగొద్దు. ఈ జబ్బు పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలోకి ఎక్కినప్పుడు యుద్ధం నుంచి వచ్చిన సైనికుల గురించే అందరూ మాట్లాడారు. ఫ్యాక్టరీల్లో, గనుల్లో, చమురు బావుల్లో పనిచేసేవాళ్లకూ అదే వస్తుంది. 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్ పేలి 167 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లలో 36 మందిని పదేళ్లు దాటాక పరీక్షిస్తే, సుమారు ఐదుగురిలో ఒకరికి అప్పటికీ పీటీఎస్‌డీ ఉంది. ‘వాళ్లు పోయారు, నేను మిగిలాను’ అన్న అపరాధభావం ఉన్నవాళ్లలో బాధలు ఇంకా ఎక్కువ. ‘కొన్నాళ్లు పోతే అదే తగ్గుతుందిలే’ అని ఎవరైనా అంటే తల ఊపి ఊరుకోండి, అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకోండి.

కుక్కర్ సంగతి చెబుతాను. ప్లాంట్‌లో ప్రెషర్ ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చే చప్పుడంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. పదకొండేళ్లుగా ఆయన చెవులు ఆ శబ్దం కోసమే పనిచేశాయి. ప్రమాదం తర్వాత ఆ జాగ్రత్త ఇంటికొచ్చినా ఆగడం లేదు. విజిల్ వినపడగానే కాళ్లు లేస్తాయి, అది కుక్కరేనన్న సంగతి ఆ తర్వాత తడుతుంది. అలాగని కుక్కర్ అటకెక్కించకండి. ఈరోజు కుక్కర్, రేపు మిక్సీ, ఎల్లుండి బాబు నవ్వు... తప్పించుకుంటూ పోతే భయం తగ్గదు, ఇంకో నాలుగింటికి పాకుతుంది. ‘కుక్కర్ పెట్టాను, ఇంకాసేపట్లో విజిల్ వస్తుంది’ అని ముందుగా ఒక్క మాట చెప్పండి చాలు. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేయకండి. పీడకలలో ఉన్నప్పుడు పట్టుకుని కుదపకుండా, కాస్త దూరం నుంచే పేరు పెట్టి పిలవండి.

ఇప్పుడు మా వృత్తిలో తరచుగా దాటవేసే సంగతి. ఆయన భయం అంతా జబ్బే అనుకోకండి. ఆ అలారం ఇంకా బైపాస్‌లోనే, అంటే మోగకుండా ఆపేసి ఉంటే, ఆయన రోజూ వెళ్తున్నది నిజంగా ప్రమాదం ఉన్న చోటికే. ఇంట్లో కుక్కర్‌కి ఉలిక్కిపడటానికి వైద్యం చేస్తాం. ప్లాంట్‌లో అలారం లేదని భయపడటానికి వైద్యం చేయకూడదు, అలారం బాగుచేయించాలి. ఈ రెండింటినీ కలిపేసి ‘ధ్యానం చెయ్యి, పాజిటివ్‌గా ఆలోచించు’ అని పంపేసే కౌన్సెలర్ తగిలితే ఇంకొకరిని వెతుక్కోండి. సేఫ్టీలో ఒక క్రమం ఉంటుంది, మీవారికి బాగా తెలుసు: మొదట ప్రమాదాన్నే తొలగించాలి, కుదరకపోతే యంత్రాల ద్వారా అడ్డుకోవాలి, తర్వాత పని పద్ధతులు మార్చాలి, మాస్కులూ గ్లౌజులూ ఆఖరున. మనసు విషయంలోనూ అంతే. పనిచోట మానసిక ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పని పరిస్థితులను మార్చడం, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం గురించి చెబుతాయి. భారమంతా కార్మికుడి మీదే వేసి చేతులు దులుపుకోమనవు. ఏడాదికోసారి ఒత్తిడి నివారణ క్లాసు పెట్టి, ఫొటో దిగి, గ్యాస్ డిటెక్టర్‌ని మాత్రం అలాగే వదిలేసే కంపెనీలను చాలా చూస్తుంటాం.

ఆ రాత్రి ఆయన ఏడుస్తూ చెప్పిన మాట దగ్గర కాస్త ఆగాలి. నాకు తోచినంతవరకు, ఆయన్ని ఎక్కువగా తినేస్తున్నది మంటల జ్ఞాపకం కన్నా ఆ మాటే. ‘తెలిసీ నోరు మూసుకున్నాను’ అన్న నేరభావం. ఊరికే మోగే అలారాన్ని ఎవరో ఒకరు నొక్కేయడం చాలా చోట్ల జరిగేదే. మోగి మోగి విసిగిస్తుంది, ప్రొడక్షన్ ఆగుతుంది, పైవాళ్లు అరుస్తారు. సెన్సర్ బాగుచేయించడానికి ఖర్చూ సమయమూ కావాలి, బైపాస్‌కి ఏమీ అక్కర్లేదు. 1984లో భోపాల్‌లో విషవాయువు వెలువడిన రాత్రి ట్యాంకును చల్లబరిచే రిఫ్రిజిరేషన్ యూనిట్ ఆగి ఉంది, వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ పనిచేసే స్థితిలో లేదు. అలాంటివి ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క ఆపరేటర్ తలకు చుట్టగలిగే తప్పులు కావు. మీవారికి ఈ సంగతి మీరు వాదించి నిరూపించక్కర్లేదు. ‘నీ తప్పేం లేదు’ అని వెంటనే కొట్టిపారేసినా ఆయన నమ్మరు, పైగా మళ్లీ నోరు విప్పరు. ‘ఆ అలారం గురించి నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు వింటాను’ అనండి, అంతే. జరిగింది మొత్తం ఒక్కసారి కక్కిస్తే తేలికపడతారని పట్టుబట్టడం మంచిది కాదు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడేవారు. దానివల్ల పీటీఎస్‌డీ రాకుండా ఆగదని తేలాక, అలా చేయొద్దనే ఇప్పుడు చెబుతున్నారు.

తలనొప్పి, మతిమరుపు ముందునుంచే ఉన్నాయని రాశారు. మంచి పని చేశారు, చాలామంది ఇది చెప్పరు. టోలీన్, జైలీన్ లాంటి సాల్వెంట్ల ఆవిరి ఏళ్ల తరబడి పీలిస్తే మెదడు మీద పనిచేస్తుంది: తలనొప్పి, ఏకాగ్రత తగ్గడం, మతిమరుపు, ఊరికే చిరాకు. వరసగా సెలవులు వచ్చినప్పుడు తేలికపడి, డ్యూటీకి వెళ్లాక మళ్లీ మొదలవుతున్నాయేమో గమనించి రాసిపెట్టండి. డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది. ఇదేమీ కొత్త విషయం కాదు. 1850లలోనే ఫ్రాన్స్‌లో దెల్పెష్ అనే డాక్టర్, రబ్బరు పనిలో కార్బన్ డైసల్ఫైడ్ పీల్చిన కార్మికులకు మనస్తిమితం తప్పడం గురించి రాశాడు. ఏయే రసాయనాలతో పనిచేస్తున్నారో డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి. ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, వాటిని ఫొటో తీసుకుని వెళ్లమనండి. వృత్తి సంబంధ వ్యాధులు చూసే డాక్టర్ దొరికితే మరీ మంచిది.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే కంపెనీకి తెలుస్తుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. బయటి డాక్టర్ ఆయన అనుమతి లేకుండా కంపెనీకి ఏమీ చెప్పకూడదు. ప్రాణాపాయం లాంటి సందర్భాలు మాత్రమే మినహాయింపు. కంపెనీ క్లినిక్ డాక్టర్ విషయం కాస్త వేరు. అక్కడ చెప్పింది ఎవరెవరికి వెళ్తుందో ముందే అడగాలి. సెలవు కోసం సర్టిఫికెట్ కావాలంటే ‘ఫలానా తేదీ వరకు విధులకు తగిన ఆరోగ్యం లేదు’ అని మాత్రమే రాయడానికి వీలుందేమో డాక్టర్‌నే అడగండి. ‘మానసిక వైద్యుడు’ అన్న మాటకే ఆయన బిగుసుకుపోతుంటే, నిద్ర కోసమని, తలనొప్పి కోసమని బయల్దేరదీయండి. అది అబద్ధమేమీ కాదు కదా.

వైద్యం గట్టిది ఉంది. ఆ సంఘటన మీదే పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే మాటల వైద్యం), లేదంటే ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే వైద్యం). సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సెషన్లు పడుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. అవసరమైతే సెర్ట్రాలిన్ లాంటి మందులు రాస్తారు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానేయకూడదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తేవొద్దు. అవి ఈ జబ్బును నయం చేయవు, అలవాటు పడిపోతారు, మద్యం తాగినవాడు వేసుకుంటే శ్వాసే ఆగిపోవచ్చు. తాగుడు కూడా నిద్రని ఇచ్చినట్టే ఇచ్చి తెల్లవారుజామున లాగేసుకుంటుంది. సాల్వెంట్లతో సతమతమయ్యే లివర్‌కి అదింకో దెబ్బ. అయితే రోజూ ఎక్కువ మోతాదులో తాగుతుంటే ఒక్కసారిగా ఆపించకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. ఎంత తాగుతున్నారో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించాలి. నైట్ షిఫ్ట్ నుంచి కొన్నాళ్లు తప్పించమని కూడా సర్టిఫికెట్‌లో రాయించుకోండి. వారానికో షిఫ్ట్ మారుతుంటే ఏ వైద్యమైనా సగమే పనిచేస్తుంది.

అడగడానికి మీకు నోరు రాని ప్రశ్న ఒకటుంది, అయినా అడగాలి. ‘చచ్చిపోతే బాగుండని అనిపిస్తోందా?’ అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అవునంటే, ఎలా అన్న ఆలోచన కూడా ఉందంటే, ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలకండి, డ్యూటీకి పంపకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మాత్రలు, రసాయనాలు ఉంటే ముందే తీసేయండి.

ఇక ఉద్యోగం. నిద్రలేని మనిషి ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోకూడదు, ఆయన తరఫున మీరూ తీసుకోకూడదు. ముందు మెడికల్ లీవ్. రాజీనామా మీద సంతకం పెట్టమని కంపెనీ ఒత్తిడి చేసినా పెట్టొద్దు. ప్రమాదం వల్ల రావాల్సిన పరిహారం, వైద్యం ఖర్చు లాంటివి దానితో చిక్కుల్లో పడొచ్చు. సంతకానికి ముందు యూనియన్‌నో లాయర్‌నో అడగాలి. ఈలోగా అలారం విషయం నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా వెళ్లాలి: తేదీ, ఏ యూనిట్, ఏ డిటెక్టర్, ఎప్పటినుంచి బైపాస్‌లో ఉంది. కాపీ ఇంట్లో ఉండాలి. ఒక్కరే రాస్తే ఆయన్నే వేలెత్తి చూపుతారు, తోటి ఆపరేటర్లు నలుగురైదుగురు కలిసి సేఫ్టీ కమిటీకో యూనియన్ ద్వారానో ఇస్తే బరువు వేరు. దానికి సమాధానం రాకపోతే ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ప్రభుత్వ శాఖకి వెళ్లొచ్చు. ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని సరైన కారణంతో నమ్మి పనిచోటు నుంచి తప్పుకున్న కార్మికుణ్ని శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందం చెబుతోంది. సురక్షితమైన పనిచోటును ఆ సంస్థ 2022లో కార్మికుల ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, అమలు సంగతి మీకు చెప్పక్కర్లేదు. అయినా రాసి పెట్టిన కాగితం రేపు కోర్టులో పనికొస్తుంది, ఈరోజు ఆయన మనసుకూ పనికొస్తుంది. పని భారం ఎక్కువ, నిర్ణయం మాత్రం తన చేతిలో ఏమీ లేదు అన్న ఉద్యోగాలే మనిషిని కుంగదీస్తాయని 1979లో కరాసెక్ అనే పరిశోధకుడు చూపించాడు. ‘ఈసారి నోరు మూసుకోలేదు’ అన్నది ఆయన తనకు తాను చెప్పుకోగలగాలి.

వైద్యం మొదలై నిద్ర కాస్త కుదుటపడ్డాక, ఆ అలారం ఇంకా అలాగే ఉంటే, అప్పుడు నా సలహా అడిగితే మానేయమనే చెబుతాను. లోన్ వాయిదాల గురించి బ్యాంకుతో మాట్లాడొచ్చు, వేరే యూనిట్‌కి బదిలీ అడగొచ్చు, ఇంకో చోట తక్కువ జీతానికైనా చేరొచ్చు.

మళ్లీ మామూలు మనిషి అవుతారా అన్నారు. వైద్యంతో ఎక్కువమంది బాగా కోలుకుంటారు. స్నేహితుడు గుర్తొస్తూనే ఉంటారు, ఆ బాధ ఉండాల్సిందే కూడా. నిద్ర, నవ్వు, ఓపిక తిరిగి వస్తాయి. బాబుకి మాత్రం ఈలోగా ఒక మాట చెప్పండి: ‘నాన్న ఫ్రెండ్ చనిపోయారు, నాన్నకి దెబ్బ కనిపించదుగానీ తగిలింది, నువ్వేం తప్పు చేయలేదు.’ ఆయన చెయ్యి చేసుకునేదాకా వస్తే సర్దుకుపోకండి, బాబుని తీసుకుని ఆ రాత్రికి అయినవాళ్ల ఇంటికి వెళ్లండి. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ మోగితే మీకూ గుండె దడ మొదలవుతోందేమో, ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. అలా ఉంటే ఆయన అపాయింట్‌మెంట్ రోజునే మీరూ అదే డాక్టర్‌తో ఓ పది నిమిషాలు విడిగా మాట్లాడండి.