ఏ ఎం.ఎస్., నాయనా?

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది ముచ్చటపడి కాదు, ఆ తల్లికి వచ్చిన జబ్బేమిటో తేలక. డాక్టరు "ఎం.ఎస్." అన్నాడు, కొడుకు కుప్పకూలాడు. రెండో పేజీలో ఆమె నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూలబడింది. సరే, మైట్రల్ స్టెనోసిస్, గుండెలో కవాటం ఇరుకైందనుకున్నాను. ఐదో పేజీకొచ్చేసరికి ఒక కన్ను మసకబారింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. అది మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు. పైగా ఆ డాక్టరు చదివిందీ ఎం.ఎస్., కొడుకు విమానమెక్కబోయేదీ ఎమ్మెస్ కోసమే!

ఇంగ్లీషులో అయితే అక్షరాల సైజు కొంత కాపాడుతుంది. రెండూ చిన్నక్షరాలైతే మిల్లీసెకను, మొదటిదొక్కటే పెద్దదైతే ఆడవాళ్ల పేరు ముందు పెట్టే మర్యాద. మన లిపిలో ఆ తేడాయే లేదు, అన్నీ ఒకే ముద్ద. కాబట్టి పక్కనున్న మాటే అర్థం చెప్పాలి. బ్రాకెట్లో విడమరచడం మాత్రం నాకు సుతరామూ గిట్టదు. ఏ డాక్టరూ బ్రాకెట్లలో మాట్లాడడు.

నర్సు "ఎం.ఎస్. ఇవ్వమన్నారు" అంటుందే, ఆ సీను అలవోకగా దాటేశావు. మార్ఫిన్ సల్ఫేటూ అదే, మెగ్నీషియం సల్ఫేటూ అదే. ఒకటి నొప్పికి, ఒకటి గర్భిణులకు ఫిట్స్ రాకుండా. ఈ గందరగోళం వల్లే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఆ పొట్టిపేరును వాడకూడని వాటి జాబితాలో పెట్టింది. కథ అక్కడుందయ్యా!

నా తొలి కథల్లో ఒక వెల్డరు "ఎం.ఎస్. గేటు" అంటాడు. మైల్డ్ స్టీలు. అందులో తుప్పును ఆపే క్రోమియం కలపరు, పెయింటు లేచిందంటే తుప్పే. ముగింపంతా ఆ తుప్పు మీదే నడుస్తుంది. సంపాదకుడు గారు పాఠకులకు అర్థం కాదని "స్టీలు గేటు" చేసేశారు. మనకు స్టీలంటే తళతళలాడే గిన్నె కదా! స్టీలుకు తుప్పేమిటని ఉత్తరాలొచ్చాయి, తిట్లు నాకు. అంతకుముందు ఏడు చోట్ల నుంచి తిరిగొచ్చిన కథ అది. మొదటి కవర్లో "ఎం.ఎస్. వాపసు" అన్న చీటీ చూసి నా ఇనీషియల్స్ తప్పు రాశారనుకున్నాను. రాతప్రతికీ, అంటే మాన్యుస్క్రిప్టుకీ, అదే పొట్టిపేరని అప్పుడు నాకేం తెలుసు?

కొడుకు మాటతీరు బాగుంది. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత. ముందు ఆమెకున్నది ఏ ఎం.ఎస్.వో తేల్చుకో. గుండె అయితే ఐదో పేజీ తీసెయ్, నరాలైతే మెట్ల సీను తీసెయ్. నర్సును మాత్రం ఉంచు. రాతప్రతి ఈ కవర్లోనే పెట్టాను, ఎర్రసిరా చూసి టెన్షన్ పడకు.

ఆశీస్సులతో.