పదకొండో పుటలో ఒక్క మాట

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా వలసలు బ్రిటన్ నుంచి విడిపోయిన కథపై నీ రాతప్రతి మూడుసార్లు చదివాను. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో నీటిపాలైన 342 తేయాకు పెట్టెలు, 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను పొందిన ఆ ఈస్టిండియా కంపెనీవేనని గుర్తుచేసిన పేరా బాగుంది. కానీ పదకొండో పుటలో పెన్సిల్వేనియా ప్రతినిధి జాన్ డికిన్సన్‌ను "పిరికివాడు" అని ఒక్క మాటతో తోసివేశావు. ఆ మాట నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ మనిషి ఎవరో చూడు. పార్లమెంటు 1765లో వేసిన స్టాంపు పన్నును మరుసటి ఏడు రద్దు చేసి, 1767లో గాజు, కాగితం, సీసం, రంగులు, తేయాకుల మీద మళ్లీ సుంకాలు వేసినప్పుడు, రైతు పేరుతో పత్రికలలో పన్నెండు లేఖలు రాసి, తమ ప్రతినిధులు లేని సభకు తమపై పన్ను వేసే హక్కు లేదని వలస రాజ్యాలన్నింటా చర్చ రేపినవాడు అతను. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో బ్రిటిష్ సేనతో పోరులో నెత్తురు చిందిన తరువాత, జూలై 5న ఫిలడెల్ఫియాలో వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెసు ఆమోదించిన విన్నపం, రాజును శాంతి కోరుతూ, అతని కలం నుంచే వచ్చింది. ఆయుధాలు ఎందుకు పట్టవలసి వచ్చిందో చెబుతూ ఆ మర్నాడే వెలువడిన ప్రకటనకు, జెఫర్సన్ చిత్తుప్రతిని తిరగరాసి తుదిరూపం ఇచ్చిందీ అతనే.

ఒకే మనిషి, రెండు రోజులలో, దండం పెడుతూ తుపాకిని సమర్థించాడు. నీ వ్యాసంలో లేనిది ఇదే. పదేళ్లపాటు వాళ్ల తగవు పార్లమెంటుతో, మంత్రులతో. రాజు చెవిన నిజం పడితే న్యాయం జరుగుతుందన్న నమ్మకం చాలామందిలో చెక్కుచెదరలేదు. రాజు మూడో జార్జి ఆ విన్నపాన్ని స్వీకరించనే లేదు. ఆగస్టు 23న వలసలు తిరుగుబాటు చేస్తున్నాయని చాటించాడు. ఏడాది చివర వాళ్ల ఓడలను శత్రువుల ఓడల్లా పట్టుకొమ్మని చట్టం వచ్చింది. 1776 జనవరిలో థామస్ పెయిన్ చిన్న పుస్తకం రాజరికాన్నే నిలదీసినప్పుడు జనం ఎగబడి చదివారంటే, ఆ నమ్మకం అప్పటికే బీటలు వారి ఉండటం వల్లనే. అందుకే స్వాతంత్ర్య ప్రకటనలో పార్లమెంటు పేరు ఒక్కచోట కూడా రాదు, అభియోగాలన్నీ రాజు మీదనే.

ముప్పై ఏళ్ల క్రితం ఈ విన్నపం గురించే ఒక వారపత్రికకు రాశాను. నాలుగు నెలలు గ్రంథాలయంలో కూర్చుని చేత్తో ఎత్తి రాసుకున్న వివరాలవి. అచ్చయిన వ్యాసంలో విన్నపం పేరాలన్నీ ఎగిరిపోయాయి. తుపాకి మోతతో మొదలై జూలై 4తో ముగిసింది. అడిగితే, పాఠకులకు వీరులు కావాలి గాని సందేహించేవాళ్లు అక్కర్లేదన్నాడు సంపాదకుడు. ఆ పారితోషికంతో ఇంటి అద్దె కట్టాను గాని, ఆ సంచికను ఇంట్లో ఉంచుకోలేకపోయాను. ఇప్పటి చరిత్ర రచనలలోనూ అదే ధోరణి కనిపిస్తే నాకు కోపం వస్తుంది. ముగింపు మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. తెలియనివాళ్ల వెంట నడిచి రాయాలి.

1776 జూలై 1న, బ్రిటన్ నుంచి విడిపోవాలన్న తీర్మానం కాంగ్రెసులో ఓటుకు వచ్చినప్పుడు తొమ్మిది రాజ్యాలు అనుకూలం, పెన్సిల్వేనియా, సౌత్ కరొలైనా వ్యతిరేకం. సభలో ఉన్న డెలావేర్ ప్రతినిధులు ఇద్దరూ చెరొక వైపు. న్యూయార్క్ వారికి ఓటు వేసే అనుమతే లేదు. ఆనాడే డికిన్సన్ లేచి, విదేశీ సాయం, రాజ్యాల మధ్య ఒడంబడిక కుదరకముందే తెగతెంపులు చేసుకోవడం ప్రమాదమని, తన పేరు చెడుతుందని తెలిసే వాదించాడు. మర్నాడు అతనూ, తోటి ప్రతినిధి రాబర్ట్ మారిస్ కూడా పక్కకు తప్పుకోవడంతో పెన్సిల్వేనియా తీర్మానం వైపు మొగ్గింది. డెలావేర్ మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీ రాత్రంతా ప్రయాణించి వచ్చి డెలావేర్‌ను మొగ్గించాడు. తీర్మానం నెగ్గింది జూలై 2న. నాలుగున ఆమోదం పొందింది ప్రకటన పాఠం. సంతకాలలో ఎక్కువ భాగం ఆగస్టు 2న పడ్డాయి. "జూలై 4న అందరూ ఒక్క గొంతుతో సంతకాలు చేశారు" అన్న నీ వాక్యాన్ని కొట్టివెయ్యి.

డికిన్సన్ సంతకం చేయలేదు. ఆ తరువాత కొద్ది రోజులకే తన దళంతో బ్రిటిష్ సేనను ఎదుర్కొనడానికి న్యూజెర్సీకి కదిలాడు.

ముందుమాట సంగతి తరువాత రాస్తాను. దసరాలోగా ఆ పుటను తిరగరాసి పంపు. జూలై 2 ఉదయం సభలో తన స్థానానికి వెళ్లకుండా ఆగిపోయిన ఆ మనిషితో మొదలుపెట్టు.

ఆశీస్సులతో.