స్కాన్ నార్మల్ అన్నా పొట్ట మధ్యలో ఉబ్బుతోందా: పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు చూశాను. లివరు, కిడ్నీలు, గర్భసంచి అన్నీ బాగున్నాయని రాసి, చివర "నార్మల్ స్టడీ" అన్నారు. మంచి మాటే. కానీ కాన్పయి అయిదో నెల నడుస్తున్నా మంచం మీంచి లేచేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టు కడుతోందని నువ్వంటున్నావే, దానికి ఆ రిపోర్టులో జవాబు లేదు. "హోల్ అబ్డామెన్" (మొత్తం పొట్ట) స్కాన్‌లో చూసేది పొట్ట లోపలి అవయవాలను. నీ సందేహమేమో పొట్ట గోడ గురించి, అంటే ముందువైపు కండరాల మధ్య ఎడం గురించి. చీటీలో అడగనిదాన్ని మామూలుగా కొలవరు, కొలవనిది రిపోర్టులోకి రాదు. అందుకని నాకేం లేదట అని ఊరుకోకు. అలాగని వీడియోలు చూసి సిట్-అప్స్ మొదలుపెట్టనూ వద్దు. ముందు సంగతి తేల్చుకో.

పొట్ట ముందుభాగంలో రొమ్ము ఎముక నుంచి కింద పొత్తికడుపు ఎముక దాకా రెండు నిలువు కండరాలుంటాయి. రెక్టస్ కండరాలంటారు. వాటి మధ్య కండలేని తెల్లటి పట్టీ ఒకటి ఉంటుంది, లీనియా ఆల్బా. బిడ్డ పెరిగేకొద్దీ ఈ పట్టీ సాగి కండరాలు పక్కలకు జరుగుతాయి. వాటి మధ్య పడే ఆ ఎడాన్నే డాక్టర్లు డయాస్టాసిస్ రెక్టి అంటారు. నెలలు నిండేసరికి దాదాపు అందరిలోనూ జరిగేదే ఇది. కాన్పు తర్వాత మొదటి ఎనిమిది వారాల్లో చాలావరకు అదే దగ్గరికి వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 2016లో నార్వేలో తొలిచూలు తల్లుల మీద వచ్చిన అధ్యయనంలో ఆరు వారాలకు 60 శాతం మందిలో, ఆరు నెలలకు 45 శాతం మందిలో, ఏడాదికి 33 శాతం మందిలో ఎడం కనిపించింది. అంటే కొత్తగా కాన్పయిన తల్లుల్లో ఇది వింతేమీ కాదు. మరో మాట, ఏడాది దగ్గర చూస్తే ఎడం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ నడుంనొప్పిలో తేడా కనబడలేదు. నీ నడుంనొప్పికి కారణం ఇదేనని ఎవరైనా చూడకుండానే చెప్పేస్తే నమ్మకు. దాన్ని విడిగా చూపించుకో.

ఆసుపత్రికి వెళ్లేముందు ఇంట్లో ఒకసారి చూసుకో. భోజనం చేసిన వెంటనే వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, మెత్తటి పరుపు మీద కాకుండా నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకో. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించు. వేళ్ల కొనలు కాళ్లవైపు ఉండేలా, వేళ్లు పక్కపక్కనే ఆనించి సరిగ్గా బొడ్డు దగ్గర మెత్తగా నొక్కు. ఇప్పుడు ఊపిరి వదులుతూ తల, భుజాలు కొంచెం మాత్రమే పైకి లేపు. రెండు పక్కల నుంచీ కండరాల అంచులు నీ వేళ్లను ఒరుసుకుంటాయి. మధ్యలో ఎన్ని వేళ్లు పట్టాయో అదే ఎడం. ఇదే పరీక్ష బొడ్డుకి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఒకసారి, అంతే కింద ఇంకోసారి చెయ్యి. ఒక్క బొడ్డు దగ్గరే చూసి వదిలేసేవాళ్లు చాలామంది, పైన ఎక్కువ ఎడం ఉంటే అది దొరకదు.

వేళ్ల లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. రెండు వేళ్లు అంటే ఒకరికి మూడు సెంటీమీటర్లు, ఇంకొకరికి నాలుగు దాకా రావచ్చు. పిల్లల స్కేలు తీసుకుని నీ వేళ్ల వెడల్పు కొలుచుకుని, డాక్టరుకి సెంటీమీటర్లలోనే చెప్పు. తల మరీ ఎత్తుగా లేపినా, ఊపిరి బిగపట్టి ముక్కినా పొట్ట ముందుకు తోసుకొచ్చి లెక్క తప్పుతుంది. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే అంచులు వేళ్లకు తగలవు. అప్పుడు ఇంట్లో ఎంత తడిమినా తేలదు.

వెడల్పు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. తల లేపినప్పుడు వేలి కింద ఆ పట్టీ బిగుస్తోందా లేదా గమనించు. బిగించి అల్లిన నవ్వారు మంచం మీద చెయ్యి పెడితే ఎలా ఎదురుతన్నుతుందో అలా తగిలితే, ఎడం కాస్త ఉన్నా పట్టీ పని చేస్తున్నట్టే. వేలు అడ్డూ ఆపూ లేకుండా లోపలికి దిగిపోతే, ఎడం తక్కువైనా ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకి తప్పకుండా చెప్పాలి. నా దృష్టిలో సెంటీమీటర్ల కన్నా ఇదే ముఖ్యం.

ఇక హెర్నియా. ఎడం అంటే పట్టీ సాగడమే, అందులో రంధ్రం ఉండదు, పేగు ఇరుక్కునే భయం లేదు. హెర్నియాలో రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకొస్తుంది. నిలబడి, బొడ్డు మీదా దాని పైనా వేలు పెట్టి గట్టిగా దగ్గు. ఒకచోట గుండ్రంగా ఉబ్బి వేలిని తన్నితే అది హెర్నియా కావచ్చు. నిలువునా గట్టులా లేస్తే ఎడమే కావచ్చు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. ఎడాన్ని గుర్తించకుండా బొడ్డు దగ్గరి చిన్న రంధ్రం ఒక్కటే కుట్టేస్తే హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది, అందుకే రెండూ ఒకేసారి చూపించుకోవాలి. ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్లకపోయినా, పైచర్మం ఎర్రబడినా నల్లబడినా, నొప్పితో పాటు వాంతులు వచ్చినా తెల్లారేదాకా ఆగకు. ఎంత రాత్రయినా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటావా? ముందు నీకు కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లు. కాన్పు తర్వాత ఆరు వారాల చెకప్‌లో కుట్లు, గర్భసంచి, బీపీ చూసి పంపేస్తారు. పొట్ట కండరాలు చూడమని నువ్వే నోరు తెరిచి అడగాలి. కుర్చీలో కూర్చోబెట్టి చీర మీంచి చూసి "బాలింత పొట్ట, అదే తగ్గుతుంది" అంటే పరీక్ష అయినట్టు కాదు. బల్ల మీద పడుకోబెట్టి తల లేపించి చూడాలి, నిలబెట్టి దగ్గించి చూడాలి. పొట్ట పెరగడానికి వేరే కారణాలుంటాయి కాబట్టి గర్భసంచి గడ్డలు, అండాశయం తిత్తి, మళ్లీ నెల తప్పడం లాంటివి కూడా ఆవిడే చూసి తేలుస్తారు. మహిళల ఆరోగ్యంలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు మీ ఊళ్లో ఉంటే ఇంకా మేలు. పట్టీ బిగువు చూడటంలో వాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది. హెర్నియా అనుమానం వస్తే జనరల్ సర్జన్‌కి చూపించాలి.

స్కాన్ మాత్రం రేడియాలజిస్టు దగ్గరే తీయించుకో. మన దేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన కేంద్రాల్లోనే స్కాన్ యంత్రాలుంటాయి, ఫిజియోథెరపీ క్లినిక్‌లో దొరుకుతుందని వెతక్కు. చీటీ మీద ఈ మాటలు రాయించుకో: "అల్ట్రాసౌండ్ యాంటీరియర్ అబ్డామినల్ వాల్, ఇంటర్ రెక్టస్ డిస్టెన్స్ ఎట్ రెస్ట్ అండ్ ఆన్ హెడ్ లిఫ్ట్, టు రూల్ అవుట్ హెర్నియా". అంటే పొట్ట ముందు గోడకి స్కాన్ తీసి, రెక్టస్ కండరాల మధ్య ఎడం కదలకుండా ఉన్నప్పుడూ తల లేపినప్పుడూ కొలిచి, హెర్నియా ఉందో లేదో తేల్చమని. బల్ల మీద పడుకున్నాక కూడా ఒకసారి నోటితో చెప్పు. ఊపిరి వదిలాక కొలవాలి. బొడ్డు దగ్గర, దాని పైన, కింద, కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి, తల లేపినప్పుడు ఒకసారి. అంటే రిపోర్టులో ఆరు అంకెలుండాలి. చాలామందిలో తల లేపితే ఎడం తగ్గుతుంది. అందుకే ఒకే అంకె రాసి, ఎప్పుడు కొలిచారో రాయకపోతే ఆ రిపోర్టు పెద్దగా ఉపయోగపడదు. ప్రోబ్, అంటే పొట్టకి ఆనించే స్కాన్ పరికరం, మరీ గట్టిగా నొక్కినా కొలత మారుతుంది, పైపైనే ఆనించమని చెప్పు, మొహమాటపడకు.

అంకెలు ఎలా చూడాలంటే, యూరోపియన్ హెర్నియా సొసైటీ 2021 మార్గదర్శకాల ప్రకారం 2 సెంటీమీటర్లు దాటితేనే ఎడం కింద లెక్క. 3 దాకా స్వల్పం, 3 నుంచి 5 మధ్యరకం, 5 దాటితే ఎక్కువ. కానుపు కాని ఆడవాళ్లలో కూడా బొడ్డుకి కొంచెం పైన రెండు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, కాబట్టి 2.1 అని చూసి బెంగపెట్టుకోకు. నీ బాధ, పట్టీ బిగువు, ఈ అంకె, మూడూ కలిపి చూసేవాళ్ల మాట విను. ఇప్పుడే ఆపరేషన్ అనేవాళ్లుంటే ఇంకో డాక్టరుని అడుగు. హెర్నియా వల్ల తొందర లేకపోతే ఆగొచ్చు, ఎందుకంటే ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నప్పుడు ఎడం కుట్టించుకున్నా తర్వాతి కాన్పుకి మళ్లీ సాగొచ్చు.

మీ అత్తగారు నడికట్టు కట్టుకోమంటున్నారని రాశావు. కట్టుకుంటే హాయిగా ఉంటే కట్టుకో, ఊపిరాడనంత బిగించకు. దానివల్ల ఎడం పూడుతుందని మాత్రం అనుకోకు, పరీక్షకి వెళ్లేటప్పుడు విప్పేసి వెళ్లు. తేలేదాకా సిట్-అప్స్, క్రంచెస్, పొట్ట గట్టు కట్టే ఏ పనీ వద్దు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి తిరిగి చేతుల మీద లే.

రిపోర్టుతో పాటు స్కాన్ ఫిల్మ్ కూడా అడిగి తీసుకుని ఫైల్లో పెట్టు. మూడు నెలలు ఫిజియోథెరపీ అయ్యాక వీలైతే అదే సెంటర్లో, అవే మూడు చోట్ల మళ్లీ కొలిపించు. కొత్త అంకెలు రాగానే నాకు వాట్సాప్‌లో పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ