హెచ్‌పీవీ రిపోర్టులో ‘ఇతర హైరిస్క్ రకాలు పాజిటివ్’ అంటే అర్థం ఏమిటి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పరీక్షను కర్నూలులో చేయించుకున్న మీ అక్కగారి రిపోర్టులో ఆ వైరస్ 16, 18 రకాలు నెగెటివ్ అని, ఇతర హైరిస్క్ (క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న) రకాలు పాజిటివ్ అని ఉన్నందున అడిగారు.

గర్భాశయ ముఖద్వారం నుంచి బ్రష్‌తో తీసిన కణాలను ద్రావణంలో ఉంచి ల్యాబ్‌కు పంపుతారు; అక్కడ డీఎన్‌ఏను వేరుచేసి, పీసీఆర్ పద్ధతిలో వైరస్ జన్యువులోని ఒక చిన్న భాగాన్ని కోట్ల రెట్లు పెంచుతారు. చాలా కిట్లు వైరస్‌లోని ఎల్1 అనే జన్యువును వెదుకుతాయి, ఎందుకంటే అందులోని కొన్ని భాగాలు అన్ని రకాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి వాటికి వేర్వేరు ఫ్లోరోసెంట్ రంగులు కేటాయించి, మిగిలిన 12 హైరిస్క్ రకాలన్నింటికీ కలిపి ఒకే రంగు పెడతారు. ఆ ఉమ్మడి రంగు వెలిగిందనే మీ అక్కగారి రిపోర్టు చెబుతోంది. ఆ పన్నెండులో ఏ రకమో ఈ పరీక్ష చెప్పలేదు, అది తేలాలంటే పూర్తి జీనోటైపింగ్ (ఒక్కో రకాన్నీ విడిగా గుర్తించే పరీక్ష) చేయాలి.

మరొకటి, నెగెటివ్ అని ఉన్నప్పుడు బీటా గ్లోబిన్ వంటి మానవ జన్యువు కనిపించిందో లేదో తప్పక చూడాలి, ఎందుకంటే తగినన్ని కణాలు రాని నమూనా కూడా నెగెటివ్‌గానే కనిపిస్తుంది.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఎక్కువమందిలో ఈ వైరస్ రెండేళ్లలో దానంతటదే పోతుంది. అయినా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టుకు చూపించి, పాప్ పరీక్ష (ముఖద్వార కణాల్లో మార్పులను సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష) చేయించండి.