డైనింగ్ టేబుల్ మీద లైటు: బుట్టతో, దారంతో, సీసాతో మనమే చేసుకుందాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డైనింగ్ రూమ్ లైట్ల గురించే. ఒకే రకం ప్రశ్నలు చాలామంది అడిగారు కాబట్టి వాటిని కలిపి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఆరుగురు కూర్చునే టేబుల్. దాని పైన వేలాడే లైటు కొందామని చూస్తే నచ్చినవన్నీ మా బడ్జెట్ దాటిపోతున్నాయి. ఇంట్లో వెదురు బుట్టలు ఖాళీగా పడి ఉన్నాయి. వాటితో చేసుకోవచ్చా? ఎంత ఎత్తులో కట్టాలి? చూసేవాళ్ళకి చవకబారుగా కనిపిస్తుందేమోనని కూడా ఓ బెంగ.

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చండీ. వేలాడే లైటులో మనం డబ్బు పోసేది చాలావరకు షేడ్‌కే. లోపల ఉండేది ఒక హోల్డరు, కొంత వైరు, ఒక బల్బు, సీలింగ్ దగ్గర అతుకుల్ని కప్పే మూత, అంతే. షేడ్ మీరు చేసుకుంటే మిగిలింది ఆ వైరూ హోల్డరూ మాత్రమే, అక్కడ మాత్రం దయచేసి పొదుపు చేయకండి, నాణ్యత ముద్ర ఉన్న కొత్తవే కొనండి. పాత లైటు నుంచి ఊడదీసిన వైరు వద్దు.

చవకగా కనిపిస్తుందన్న బెంగ మానేయండి. శిల్పి ఇసాము నోగుచి 1951లో జపాన్‌లోని గిఫు వెళ్ళి అక్కడి కాగితపు లాంతర్ల పనితనం చూసి మొదలుపెట్టిన ‘అకారి’ దీపాలు కాగితం, వెదురుతో చేసినవే, వాటిని ఇప్పటికీ జనం ఇష్టంగా కొనుక్కుంటున్నారు. లైటు అందం దాన్ని దేనితో చేశామన్నదాని మీద కంటే, వెలుగు ఎక్కడ పడుతోంది, ఎవరి కళ్ళలో పొడుస్తోంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా నమ్మకం.

అందుకే బుట్టకు బెజ్జం పెట్టకముందే ఒక పని చేయండి. బుట్ట సైజు ఉన్న అట్టపెట్టెని తాడుతో టేబుల్ పైన వేలాడదీసి, ఇంట్లో అందరూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని చూడండి, ఎదుటి మనిషి ముఖానికి అడ్డం వస్తోందా, నిలబడి వడ్డించేవాళ్ళ తలకి తగులుతోందా అని. మామూలుగా టేబుల్ పైభాగం నుంచి షేడ్ అడుగు అంచు దాకా 75 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే 30 నుంచి 36 అంగుళాలు ఉంటే సరిపోతుంది. షేడ్ వెడల్పు టేబుల్ వెడల్పులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉండొచ్చు. మీది పొడవాటి టేబుల్ అయితే మధ్యలో ఒకే చిన్న బుట్ట కడితే చివర కూర్చున్నవాళ్ళు చీకట్లో ఉండిపోతారు, రెండో మూడో ఒకే వరసలో కట్టండి. ఇంకో సంగతి, సీలింగ్‌లో కరెంటు పాయింటు గది మధ్యలో ఉంటుంది గానీ టేబుల్ చాలా ఇళ్ళలో అక్కడ ఉండదు. టేబుల్‌ని పాయింటు కిందికి జరపక్కర్లేదు, వైరు కాస్త పొడుగ్గా తీసుకుని టేబుల్ నడిమికి సరిగ్గా పైన ఒక హుక్కు బిగించి దాని మీదుగా దింపండి.

బల్బు బుట్ట లోపల బాగా పైకి ఉండాలి. కూర్చున్న మనిషి కళ్ళు షేడ్ అంచు కంటే కిందే ఉంటాయి కాబట్టి బల్బు ఏమాత్రం కిందికి దిగినా నేరుగా కనబడుతుంది. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో చేసిన పీహెచ్ 5 దీపం గొప్పతనమంతా ఇక్కడే ఉంది. రేకుల్ని ఒకదాని కింద ఒకటి అమర్చి, ఏ వైపు నుంచి చూసినా లోపలి బల్బు కంట పడకుండా చేశాడాయన. మన బుట్టకి అన్ని రేకులు అక్కర్లేదు, పాల రంగు బల్బు పెడితే సగం సమస్య తీరుతుంది. లోపలి తీగ కనిపించే గాజు బల్బు పెడితే మాత్రం బుట్ట అల్లికలోని ప్రతి సందూ గోడల మీద గీతలు గీతలుగా పడుతుంది. అది కొందరికి ముచ్చటే, కానీ రోజూ తినేచోట ముఖాల మీద చారలు పడుతుంటే నాకైతే నచ్చదు.

బల్బు కచ్చితంగా ఎల్‌ఈడీయే. పాత ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో పదింట తొమ్మిది వంతుల పైనే వేడిగా పోతుంది, వెదురు, కాగితం, దారం పక్కన ఆ వేడి ప్రమాదం. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే సుమారు 800 లూమెన్ల వెలుగుని ఇప్పుడు 8, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. అది కూడా హోల్డరులోకి దిగే అడుగు భాగంలో వేడెక్కుతుంది కాబట్టి బుట్ట పైభాగం పూర్తిగా మూసేయకుండా గాలి ఆడే సందు వదలండి, లేదంటే బల్బు తొందరగా పోతుంది.

ఇక బెజ్జం. వెదురు అల్లికని కోస్తే పుల్లలు ఒక్కొక్కటే విడిపోతాయి, ముందుగా కోయబోయే చోటు చుట్టూ జిగురు రాసి ఆరనిచ్చి, ఆ తర్వాత హోల్డరు మెడ పట్టేంత మాత్రమే కోయండి. హోల్డరుతో వచ్చే రింగు బుట్టని లోపలి నుంచి బిగించి పట్టుకుంటుంది. వైరు మీద పడే లాగుడు లోపలి స్క్రూల మీద పడకూడదు, హోల్డరు మెడలో వైరుని పట్టి ఉంచే బిగింపు ఉన్నదే తీసుకోండి. హుక్కు స్లాబులోకే దిగాలి, ఫాల్స్ సీలింగ్ బోర్డు బరువు మోయదు. హుక్కు బిగించాక లైటు బరువుకి నాలుగు రెట్లు ఉన్న సంచీ ఒకటి ఆ హుక్కుకి ఒక గంట వేలాడదీసి చూడండి, కదలకపోతే నిశ్చింత.

కనెక్షన్ ఇచ్చేముందు మెయిన్ ఆఫ్ చేసి టెస్టర్‌తో చూసుకోవాలి. మరలున్న హోల్డరు అయితే ఫేజు లోపల అడుగున ఉన్న బిళ్ళకి, న్యూట్రల్ మరల చుట్టుకి వెళ్ళాలి. తారుమారైనా బల్బు వెలుగుతుంది, అదే దానితో వచ్చిన చిక్కు, ఎవరికీ అనుమానం రాదు, బల్బు మార్చేటప్పుడు వేలు తగిలితే షాక్ కొడుతుంది. ఇందులో ఏది అర్థం కాకపోయినా ఆ చివరి పది నిమిషాల పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు. సీలింగ్‌కి డ్రిల్లు వేయనివ్వరు, టేబుల్ దగ్గర ప్లగ్గు మాత్రం ఉంది. అతికించే హుక్కులు పనికొస్తాయా?

జవాబు: టేబుల్ పైన, మనుషుల తలల పైన వేలాడే దేనికీ అతికించే హుక్కుని నమ్మకండి, వైరుని గోడ వెంట పట్టి ఉంచడానికి వాడుకోండి చాలు. మీకు స్టాండు లైటు మేలు. ఒక పాత బకెట్టులో నిలువుగా కర్ర నిలబెట్టి చుట్టూ సిమెంటు కాంక్రీటు పోసి, గట్టిపడేదాకా అటూ ఇటూ వంగకుండా తాళ్ళతో కట్టి ఉంచండి. కర్ర పైన టేబుల్ మీదకి వచ్చేలా అడ్డకర్ర బిగించి దాని చివర తేలికపాటి షేడ్ వేలాడదీయండి. అడ్డకర్ర ఎంత ముందుకి వస్తే బకెట్టు అంత బరువుండాలి, చేత్తో కాస్త తోసి చూస్తే తెలిసిపోతుంది. వైరుని కర్రకి కట్టేసి గోడ వైపు నుంచి ప్లగ్గుకి తీసుకెళ్ళండి, నడిచే దారిలో ఉండకూడదు. ఇల్లు మారినా మీతోనే వస్తుంది.

ప్రశ్న: బెలూన్ మీద దారం చుట్టి షేడ్ చేశాను. బెలూన్ పగలగొట్టగానే గోళం మొత్తం లోపలికి కుంగిపోయింది. ఎందుకు?

జవాబు: రెండు కారణాలు ఉండొచ్చండీ. ఒకటి, జిగురు పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉండటం. తెల్ల జిగురులో కొంచెమే నీళ్ళు కలిపి దారాన్ని బాగా నానబెట్టి, అన్ని దిక్కులకీ అడ్డంగా నిలువుగా చుట్టి, కనీసం ఒక పూర్తి రోజు వదలండి, వానాకాలమైతే రెండు రోజులు. రెండోది, దారం బెలూన్‌కి అంటుకుపోయి అది ముడుచుకుంటూ గోళాన్నీ తనతో లాక్కెళ్ళడం. చుట్టేముందు బెలూన్‌కి పల్చగా వాజలిన్ రాయండి, తీసేటప్పుడు పగలగొట్టకుండా మూతి దగ్గర చిన్న గాటు పెట్టి గాలి మెల్లగా పోనివ్వండి. సన్న దారం కంటే పురికొస గట్టిగా నిలుస్తుంది. అడుగున చెయ్యి పట్టేంత ఖాళీ మొదటే వదలడం మరిచిపోకండి, లేకపోతే బల్బు మార్చాల్సిన రోజున షేడ్ కోయాల్సి వస్తుంది.

ప్రశ్న: గాజు సీసాలు కోసి లైట్లు చేయొచ్చా?

జవాబు: కొత్తవాళ్ళకి వద్దంటాను. గాజు అంచు చేతులు కోస్తుంది, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, సన్నటి పగులు ఒకటి కంటికి కనబడకుండా ఉండిపోయినా కింద పళ్ళాలు ఉన్నాయి. అంతగా గాజు కావాలనుకుంటే వెడల్పు మూతి సీసాని కోయకుండా, దాని రేకు మూతకి బెజ్జం చేసి హోల్డరు బిగించండి. గాలికి ఇంకో నాలుగు చిన్న బెజ్జాలు కావాలి. రేకు అంచు వైరుని కోయకుండా రబ్బరు బుష్ పెట్టండి. మూత లోహం కాబట్టి ఎర్త్ ఉన్న మూడు కోర్ల వైరే వాడి, ఆ ఎర్త్‌ని మూతకి కలపండి.

ప్రశ్న: షేడ్ బాగా కుదిరింది, కానీ లైటు వేస్తే కూరలన్నీ రంగు వెలిసినట్టు, మనుషులు నీరసంగా ఉన్నట్టు కనిపిస్తున్నారు.

జవాబు: షేడ్ తప్పేం లేదు, బల్బు మార్చండి. మీరు పెట్టింది బహుశా 6500 కెల్విన్ల తెల్ల బల్బు. ప్యాకెట్ మీద 2700 లేదా 3000 కెల్విన్లు అని ఉన్నది తీసుకోండి, పసుపు ఛాయ వస్తుంది. అక్కడే సీఆర్‌ఐ అనే అంకె కూడా ఉంటుంది, అది 90 పైన ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, 80 ఉన్న దానికంటే ఎర్రటి రంగుల్లో తేడా బాగా తెలుస్తుంది. పిల్లలు అదే టేబుల్ మీద చదువుకుంటారంటే వెలుగు ఎక్కువున్న బల్బు కొని డిమ్మర్ పెట్టించుకోండి, తినేటప్పుడు తగ్గించుకోవచ్చు. అయితే అన్ని ఎల్‌ఈడీలూ డిమ్మర్‌తో పనిచేయవు, పనిచేస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నది చూసి కొనండి, లేకపోతే బల్బు మినుకుమినుకుమంటూ ఉంటుంది.