మొక్కల ముచ్చట్లు: కాణీలు నమిలే కాయ

పోయిన సంచికలో నీరసం గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, కేరళ అగస్త్యమల అడవుల్లో కాణి గిరిజనులు నమిలే ఒక చిన్న కాయ సంగతి రెండు వాక్యాల్లో చెప్పాను. దాని పేరు ఆరోగ్యపచ్చ అని కూడా రాశాను. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. గులాబీ చీడలు, మామిడి పూత ఈసారికి ఆగుతాయి.

ప్రశ్న: ఆరోగ్యపచ్చ నారు గానీ విత్తనాలు గానీ ఎక్కడ దొరుకుతాయి? మా బాల్కనీకి రోజంతా మంచి ఎండ వస్తుంది. మావారికి ఎప్పుడూ నీరసమే. రోజుకు ఎన్ని కాయలు తినాలో కూడా చెప్పండి. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు గొప్పగా చెప్పిన ఆ ఎండే దాన్ని చంపుతుంది. ట్రైకోపస్ జైలానికస్ అనే ఈ మొక్క పెండలం కుటుంబానికి చెందినది. పెద్ద చెట్ల నీడన, ఏటి ఒడ్డున, ఆకులు కుళ్లి మెత్తబడిన నేలలో బతుకుతుంది. తిరువనంతపురం జిల్లా పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యానంలో మొదటిసారి నాకు ఎదురుపడినప్పుడు, ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, దాన్ని దాటుకుని వెళ్లిపోయాను. వెంట ఉన్నవారు వెనక్కి పిలిచి చూపించారు. నాలుగు ఆకుల గుబురు, అంతే. పువ్వులు ఆకుల కింద నేలకు ఆనుకొని, ఎండుటాకుల రంగులో దాక్కుంటాయి. మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనిపించవు.

ఎన్ని కాయలు తినాలన్న ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. కాణీలు దాన్ని రోజుకొక మాత్రలా వేసుకోలేదు. అడవిలో తిండి లేకుండా చాలా దూరం నడవాల్సి వచ్చినప్పుడు తినేవారు. మీవారు నడవకుండానే అలసిపోతున్నారంటే ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తహీనతా, థైరాయిడా, చక్కెరా అన్నది తేలాలి. ఆ పేరు చెప్పి ఎవరు ఏ ఆకు అమ్మినా కొనకండి.

ప్రశ్న: ఈ కాయ సంగతి బయటివాళ్లకు ఎలా తెలిసింది? కాణీలకు ఏమైనా ముట్టిందా?

జవాబు: ముట్టింది. అయితే ఆ కథ పత్రికల్లో వచ్చినంత తీయగా లేదు.

1987లో డాక్టర్ పి. పుష్పాంగదన్ నాయకత్వంలో శాస్త్రవేత్తల బృందం ఒకటి గిరిజనుల మొక్కల వాడకాన్ని నమోదు చేయడానికి అగస్త్యమల ఎక్కింది. దారి చూపడానికి కాణి యువకులు వెంట వెళ్లారు. కొండ ఎక్కుతూ శాస్త్రవేత్తలు చతికిలబడుతుంటే, కాణీలు మాత్రం ఏవో కాయలు నములుతూ హాయిగా నడిచారట. ఇవ్వమని అడిగితే ఇచ్చారు. తిన్నవారికి ఒంట్లో సత్తువ వచ్చినట్టనిపించింది. అదేమిటని అడిగితే మాత్రం చెప్పలేదు. బయటివారికి చెప్పకూడనిదన్నారు. చాలా బతిమాలాక, దుర్వినియోగం చేయబోమని మాట తీసుకున్నాక మొక్కను చూపించారు.

తర్వాత పాలోడు వృక్షోద్యాన సంస్థ పరిశోధించి, ఆరోగ్యపచ్చకు అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంత చేర్చి ‘జీవని’ అనే మందు తయారు చేసింది. కాణీలు తినేది కాయ, మందులో వేసినది ఆకు. నాకిది మంచి నిర్ణయమనిపిస్తుంది. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. 1995లో కోయంబత్తూరుకు చెందిన ఒక ఆయుర్వేద సంస్థకు ఏడేళ్లపాటు తయారీ హక్కు ఇచ్చారు. పది లక్షల రూపాయల రుసుము, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీ. వచ్చినదాంట్లో సగం కాణీలకు ఇవ్వాలని పాలోడు సంస్థ తనంతట తానే నిర్ణయించింది. అలా ఇచ్చి తీరాలని మన దేశంలో అప్పటికి చట్టమేదీ లేదు. ఆ మాటకు మెచ్చుకోవాల్సిందే.

ఇవ్వడం ఎవరికి అన్నది తేలలేదు. కాణీలు ఒక్క ఊళ్లో ఉండరు, కొండల్లో చిన్న చిన్న గూడేలుగా చెదిరి ఉంటారు. డబ్బు పుచ్చుకునే సంఘం అంటూ లేదు. 1997లో ఒక ట్రస్టు రిజిస్టరయింది, 1999లో మొదటి అయిదు లక్షల పైచిలుకు దాని ఖాతాలో పడ్డాయి. అంటే ఒప్పందం అయ్యాక మూడేళ్లకు పైనే. ఈలోగా అడవిలోంచి మొక్క తేవడానికి అటవీశాఖ అభ్యంతరాలు చెప్పింది. ఆకు లేనిదే మందు లేదు, మందు లేనిదే రాయల్టీ లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. కాణీల్లో వైద్యం చేసేవారిని ప్లాత్తులంటారు. మొక్క ఎక్కడ, ఎప్పుడు, ఎలా కోయాలన్నది వారి విద్య. శాస్త్రవేత్తలకు కాయ చూపించిన యువకులు ప్లాత్తులు కారు. 1995లోనే తొమ్మిది మంది ప్లాత్తులు తమ విద్యను ప్రైవేటు సంస్థలకు అమ్మడానికి ఒప్పుకోమంటూ కేరళ ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఈ ఒప్పందాన్ని ప్రపంచమంతా ఆదర్శమని పొగిడింది. ఆ ఉత్తరం ఊసెత్తిన వ్యాసాలు నేను చదివినవాటిలో చాలా తక్కువ. మా కాలేజీలో నేనూ ఏళ్ల తరబడి ఈ కథను ఉత్తరం సంగతి లేకుండానే పాఠంగా చెప్పాను.

ప్రశ్న: అయితే ఇప్పుడు చట్టం ఏమంటోంది? (ఒక విద్యార్థి)

జవాబు: 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. అది అమలు చేసే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ చెన్నైలో ఉంది. స్థానికుల జ్ఞానాన్ని వాణిజ్యానికి వాడుకుంటే వారికి వాటా దక్కాలన్నది చట్టం సారాంశం. 2023 సవరణలో గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చారు. ప్లాత్తుల విద్య ఏ గ్రంథంలోనూ లేదు, నోటిమాటగా వచ్చినది. పరీక్షలో వ్యాసం రాయాలనుకుంటే ‘గ్రంథస్థం’ అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించు బాబూ. నోటిమాటను ఎవరైనా ఒకసారి పుస్తకంలోకి ఎక్కిస్తే అది ఏ పద్దు కింద పడుతుంది?

ప్రశ్న: గిరిజన వైద్యుడు తనకు తెలిసిన మందును దాచుకోవడం స్వార్థం కాదా? ఆ వైద్యుడు పోతే విద్య కూడా పోతుంది కదా!

జవాబు: నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. నోటుపుస్తకం పట్టుకొని ఒక కాణి పెద్దాయన వెంట రెండు రోజులు తిరిగాను. నాకు మలయాళం అంతంతమాత్రం. ఒక మిత్రుడు మాటలు అందించాడు. చూపించిన ప్రతి మొక్కకూ పెద్దాయన ఒకటే జవాబు: ‘కడుపునొప్పికి’. బెరడు కడుపునొప్పికి, వేరు కడుపునొప్పికి, ఆఖరికి నేను సంచిలో తీసుకెళ్లిన కరివేపాకు కూడా కడుపునొప్పికే. రాత్రి లెక్క చూసుకుంటే పదిహేడు మొక్కలు తేలాయి, రోగం మాత్రం ఒక్కటే. మర్నాడు వానకు పుస్తకం తడిసి లోపల పెట్టేశాను. దారిలో నా కాలు గీరుకుపోతే, ఆయన అడగకుండానే ఒక ఆకు నలిపి పసరు పిండాడు. ఏ ఆకని నేను అడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన దాచుకోలేదు. అవసరం ఉన్నవాడికి ఇచ్చాడు, రాసుకునేవాడికి ఇవ్వలేదు.

విద్య పోతుందన్న మీ భయం మాత్రం నిజమే. దానికి అమెజాన్ అడవుల్లో, పెరూ బ్రెజిల్ సరిహద్దున ఉండే మాత్సెస్ తెగవారు ఒక ఉపాయం కనిపెట్టారు. తమ పెద్ద వైద్యులకు తెలిసినదంతా 2015లో అయిదు వందల పేజీల పుస్తకంగా కూర్చారు. అది మాత్సెస్ భాషలో మాత్రమే ఉంది. మొక్కల శాస్త్రీయ నామాలు వేయలేదు, బయటివాడు గుర్తుపట్టేలా పూల బొమ్మలూ వేయలేదు. వారి పిల్లలు చదువుకోగలరు, నాలాంటివాడు చదవలేడు. పుస్తకాల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త ఉడుక్కున్నాను గానీ, ఉపాయం మాత్రం భలేగా ఉంది.

ప్రశ్న: హనుమంతుడు తెచ్చిన సంజీవని ఇదేనంటున్నారు. నిజమేనా?

జవాబు: హనుమంతుడు ఉత్తరానికి వెళ్లాడు. ఇది దక్షిణాన ఉంది.

ప్రశ్న: అగస్త్యమల శిఖరం అగస్త్యకూటం ఎక్కాలని ఉంది. ఆడవాళ్లను రానిస్తారా? దారిలో ఆరోగ్యపచ్చ కనిపిస్తుందా?

జవాబు: రానిస్తారు. 2018లో కేరళ హైకోర్టు తీర్పు వచ్చాక, 2019 జనవరి నుంచి ఆడవాళ్లూ ఎక్కుతున్నారు. శిఖరం అగస్త్యుడి స్థానమని నమ్మే కాణీలు అప్పట్లో నిరసన తెలిపారు. మీరు వెళ్లేటప్పుడు ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది. శిఖరం ఎత్తు 1,868 మీటర్లు. యాత్రాకాలం జనవరిలో మొదలవుతుంది, అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. బోనకాడు నుంచి నడక, అతిరుమలలో బస, మర్నాడు శిఖరం.

మొక్క కనిపిస్తుందని మాట ఇవ్వలేను. కనిపించినా కోయకండి, అది అభయారణ్యం. జలగల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను: జనవరిలో తక్కువ. లేవని కాదు.