48 ఏళ్లకు పిలాటిస్ మొదలుపెట్టాను. మెడ నొప్పి వచ్చింది, పొట్ట తగ్గలేదు. ఎక్కడ పొరపాటు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: వయసు 48, నెలసరి క్రమం తప్పింది, రోజంతా కూర్చుని చేసే పని, సాయంత్రానికి నడుము పట్టేస్తోంది, తుమ్మినా దగ్గినా రెండు చుక్కలు మూత్రం జారుతోంది. ఆరు వారాలుగా వీడియో చూసి పిలాటిస్ (ఊపిరితో కలిపి పొట్ట, నడుము కండరాలను అదుపుగా కదిలించే వ్యాయామ పద్ధతి) చేస్తున్నారు. పొట్ట అలాగే ఉంది, పైగా మెడ నొప్పి. ఈ వయసుకు పిలాటిస్ పనికిరాదేమో అంటున్నారు. పనికొస్తుందండీ. మీరు మొదలుపెట్టిన వరుసే తప్పు. ఇంకొకటి, దాని పని కాని పనిని దాని నుంచి ఆశించారు.

మెడ సంగతి ముందు చూద్దాం. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1945లో అచ్చు వేయించిన 34 మ్యాట్ వ్యాయామాల్లో మొదటి మూడు హండ్రెడ్, రోల్ అప్, రోల్ ఓవర్. మూడింటిలోనూ వెన్ను ముందుకు వంగాల్సిందే. చాలా వీడియోలు ఇప్పటికీ హండ్రెడ్‌తోనే మొదలవుతాయి: వెల్లకిలా పడుకుని తల, భుజాలు లేపి, కాళ్లు గాల్లో ఉంచి, ఐదు లెక్కలు పీల్చి ఐదు లెక్కలు వదులుతూ చేతులు వందసార్లు ఆడించడం. తల బరువు నాలుగైదు కిలోలు. పొట్ట కండరాలు ఆ బరువు మోయలేకపోతే మెడ ముందువైపు కండరాలు మోస్తాయి, మర్నాడు పొద్దున మెడ తిరగదు. కాబట్టి ప్రస్తుతానికి తల నేల మీదే ఉంచండి. తల లేపకపోతే పొట్టకు పని ఉండదేమో అన్న అనుమానం అక్కర్లేదు, కాళ్ల బరువే చాలినంత పని పెడుతుంది.

మొదటి రెండు వారాలు ఊపిరి మీద పెట్టండి. విసుగ్గా ఉంటుంది, చాలామంది దాటేసేదీ ఇదే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, పాదాలు తుంటి వెడల్పున ఉండాలి. తల కింద తువ్వాలు మడత పెట్టుకోండి. గడ్డం పైకప్పు వైపు లేస్తుంటే ఇంకో మడత వేయండి. నడుము కింద చెయ్యి దూరేంత పెద్ద సందూ వద్దు, నేలకు అదిమేయడమూ వద్దు. అరచేతులు కింది పక్కటెముకల మీద పెట్టుకుని ముక్కుతో పీలిస్తే పక్కటెముకలు చేతుల్ని రెండు పక్కలకూ నెట్టాలి. అద్దం మీద ఆవిరి ఊదినట్టు నోటితో మెల్లగా వదలండి. వదలడం మొదలవగానే మూత్రాన్నీ గ్యాస్‌నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. అవే పెల్విక్ ఫ్లోర్ కండరాలు, అంటే పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్ని మోసేవి. మీ పూర్తి బలంలో మూడో వంతు చాలు. బొడ్డు కింద పొట్ట తనంతట తానే కాస్త చదునవుతుంది. మళ్లీ పీల్చేటప్పుడు పూర్తిగా సడలించాలి. ఆ సడలింపు కూడా బిగింపు అంత ముఖ్యమే.

'బొడ్డును వెన్నుకు అతికించండి' అని వీడియోల్లో అరుస్తుంటారు. మూత్రం జారే సమస్య ఉన్నవాళ్లకు అది మంచి సలహా కాదు. పొట్టను గట్టిగా బిగించి ఊపిరి బిగపడితే లోపలి ఒత్తిడి కిందికే వెళ్తుంది, జారడం ఇంకా ఎక్కువవుతుంది. ఏ వ్యాయామంలోనైనా మాట్లాడగలిగేలా ఉండాలి, అదే గుర్తు. ఇంకో గుర్తు పొట్ట మధ్య గీత: శ్రమ పడేటప్పుడు అక్కడ గుడారంలా ఉబ్బెత్తు లేస్తే ఆ కదలిక మీకు ఇప్పుడు బరువెక్కువ, ఒక మెట్టు దిగండి. మూత్రానికి వెళ్లినప్పుడు ధార మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజువారీ సాధనగా పెట్టుకోకండి.

ఊపిరి కుదిరాక అదే పడకలో టో ట్యాప్. ఒక కాలు, తర్వాత రెండోది లేపి మోకాళ్లు తుంటికి పైన 90 డిగ్రీలకు తెచ్చుకోండి. ఊపిరి వదులుతూ ఒక కాలి వేళ్లను నేలకు తాకించి, పీలుస్తూ వెనక్కి. కాలు దిగేటప్పుడు నడుము నేల నుంచి విల్లులా లేస్తే పొట్ట పట్టు జారిపోయిందన్నమాట. అప్పుడు వేళ్లు నేల దాకా తేవక్కర్లేదు, సగం దూరం చాలు. అది కూడా కష్టమైతే రెండో పాదం నేల మీదే ఉంచండి. ఒక్కో కాలికి 8 చొప్పున రెండు విడతలు. తుంటి ముందు టక్కున చప్పుడు వస్తే తరచూ ఏదో స్నాయువు ఎముక మీదుగా జారడమే. నొప్పి లేకపోతే భయం లేదు. మోకాలిని కొద్దిగా బయటికి తిప్పి, దూరం తగ్గిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటిని పైకి లేపే షోల్డర్ బ్రిడ్జ్‌లో అందరూ చెప్పే ఫిర్యాదు తొడ వెనక కండ పట్టేయడం. మడమలు మరీ దూరంగా ఉండటమే ఎక్కువసార్లు కారణం. పిరుదుల నుంచి ఒకటి, ఒకటిన్నర జానల దూరానికి తెచ్చుకోండి, మడమలతో నేలను అదమండి, లేచే ముందే పిరుదులు బిగించండి. మోకాళ్ల నుంచి భుజాల దాకా ఒకే వాలు వస్తే చాలు. అంతకంటే పైకి లేపితే ఆ పని నడుము చేస్తుంది. పైన మూడు లెక్కలు ఆగి, 10 సార్లు. తేలికైపోయాక తొడల మీద 3-5 కిలోల బరువు పెట్టుకోండి.

క్లామ్ అంటే పక్కకు పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు కలిపే ఉంచి పై మోకాలిని తెరవడం. దీనికి పక్కకు తిరిగి, వీపు గోడకు ఆనించి పడుకోండి. గోడ లేకపోతే తెలియకుండానే వెనక్కి దొర్లుతారు, పిరుదు పక్క కండరం పని మానేస్తుంది. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేతినీ ఎదురు కాలినీ చాపే బర్డ్ డాగ్‌లో మోకాళ్ల కింద దుప్పటి మడత వేసుకోండి. మణికట్టు నొప్పిగా ఉంటే పిడికిళ్ల మీదో ముంజేతుల మీదో ఆనుకోవచ్చు. యోగా మ్యాట్ సాధారణంగా 4-6 మిల్లీమీటర్లే ఉంటుంది. పిలాటిస్‌కు 10 పైన ఉంటే వెన్నుపూసలకు హాయి. కానీ ఒంటికాలి మీద నిలబడే వాటికి ఆ మెత్తదనం పనికిరాదు, మ్యాట్ దిగి నేల మీద చేయండి.

బోర్లా పడుకుని చేసేవి వదిలిపెట్టకండి, మీలాంటి కూర్చునే పనికి ఇవే మందు. నుదురు కింద చిన్న తువ్వాలు, చేతులు ఒంటికి పక్కగా. ఊపిరి వదులుతూ ముందు భుజపు రెక్కలను నడుము వైపు జార్చి, ఆ తర్వాతే రొమ్ము భాగాన్ని నాలుగు వేళ్ల ఎత్తు లేపండి. చూపు నేల మీదే ఉండాలి. గడ్డం ఎత్తి ఎదురుగా చూస్తే మెడ నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. 6 నుంచి 8 సార్లు.

ఇక ఎముకల సంగతి. మీ వయసువాళ్లు వినాల్సిన ముఖ్యమైన మాట ఇదే. ఆఖరి నెలసరికి కొంచెం ముందు నుంచి ఆ తర్వాత కొన్నేళ్ల వరకు, ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల ఎముక వేగంగా పలచబడుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు (ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. అలాంటివాళ్లు రోల్ అప్, రోల్ ఓవర్, బంతిలా దొర్లే రోలింగ్ లైక్ ఎ బాల్, వంగి మెలితిరిగే 'సా' (రంపం) అనేవి చేయకూడదు. వెన్ను వంగినప్పుడు భారమంతా వెన్నుపూస ముందు అంచు మీద పడుతుంది, పెళుసు ఎముక అక్కడే నలిగిపోతుంది. స్కాన్ చేయించుకోలేదంటే, అంతకుముందు చిన్న దెబ్బకే ఎముక విరిగినా, స్టెరాయిడ్లు చాలాకాలం వాడినా, తల్లికి తుంటి ఎముక విరిగిన చరిత్ర ఉన్నా, ముందు డాక్టర్ని అడిగాకే ఆ నాలుగింటి జోలికి వెళ్లండి.

పొట్ట ఎందుకు తగ్గలేదంటే లెక్క చిన్నదే. మ్యాట్ పిలాటిస్ శ్రమ సుమారు 3 మెట్‌లు (ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు ఒక మెట్), అంటే 65 కిలోల మనిషికి అరగంటకు దాదాపు 100 కేలరీలు. వేగంగా నడిస్తే ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతాయి. మెనోపాజ్ దగ్గర కొవ్వు తుంటి నుంచి పొట్ట వైపు చేరడమూ తోడైంది. నిలబడే తీరు సరిపడి పొట్ట కాస్త లోపలికి కనిపించవచ్చు, కానీ అది కొవ్వు కరగడం కాదు. ఎముకకూ కండకూ కూడా పిలాటిస్ ఒక్కటే చాలదు, వాటి మీద అది వేసే భారం తక్కువ కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం కావాలి.

నేనైతే మీకు ఇలా పెడతాను: వారానికి మూడు రోజులు అరగంట పిలాటిస్. వాటిలో రెండు రోజులు మరో పావుగంట డంబెళ్లు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ముందుకు వంగి బరువు లాగడం, మడమలు లేపడం, గోడకు పుషప్‌లు. 8-12 సార్లకు ఆఖరి రెండూ కష్టంగా అనిపించే బరువు ఎంచుకోండి. 12 తేలికైతే బరువు పెంచండి. మిగతా రోజుల్లో నడక. మూత్రం జారడం తగ్గాలంటే మూడు నెలలు వదలకుండా చేయాలి. ఆ లోపే కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు అనిపిస్తే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. కాలు తిమ్మిరెక్కడం గానీ, మూత్రం, మలం మీద అదుపు హఠాత్తుగా తప్పడం గానీ జరిగితే వ్యాయామం ఆపండి. రెండోదైతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

రిఫార్మర్ (స్ప్రింగ్‌లకు కట్టిన, ముందుకూ వెనక్కూ జారే బండి ఉన్న పిలాటిస్ పరికరం) క్లాసులో చేరనా అని కూడా అడిగారు. చేరవచ్చు, స్ప్రింగ్‌ల మీద కాళ్లతో తోసే వ్యాయామాలు మోకాళ్లకు నయం. ఒకటే గుర్తుంచుకోండి: స్ప్రింగ్ తగ్గిస్తే ప్రతిసారీ తేలిక కాదు. బండి మీద నిలబడో మోకరిల్లో చేసే వాటిలో తక్కువ స్ప్రింగ్ అంటే ఆసరా తక్కువ, అదుపు తప్పే అవకాశం ఎక్కువ. పదిహేను మందికి ఒక్క టీచర్ ఉన్న చోట మొదటి నెల వద్దు.

హండ్రెడ్ అంటే ఇష్టమన్నారు కదా. టో ట్యాప్ ఒక్కో కాలికి 10 సార్లు నడుము లేవకుండా వచ్చి, తల లేపి 20 సెకన్లు ఉంచినా మెడ వణక్కుండా, పొట్ట మధ్య ఉబ్బెత్తు రాకుండా ఉంటే, ఎముకల విషయంలో అడ్డు లేకపోతే, దానికి తిరిగి రండి. పాదాలు నేల మీదే ఉంచి మూడు ఊపిరులు, అంటే 30 సార్లు చేతులు ఆడించి తల దించేయండి. వారానికి ఒక ఊపిరి చొప్పున పెంచుకోండి.